పదిహేడు నిలువు

మబ్బుగుట్ట జిల్లాలో ఏడేళ్లపాటు ఎక్కడా అచ్చుకాని మాటను మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదు గంటలకు రద్దు చేస్తారు. ఆ మాట దేనికి పేరో అది కూడా అదే నిమిషంలో జిల్లాలో లేకుండా పోతుంది. దీనికోసం కలెక్టరేట్ వెనక పాత భవనంలో పదాల ఉనికి విభాగం అని ఒక ఆఫీసు, అందులో ఒక అధికారి, ఇద్దరు గుమస్తాలు, నలభై రెండు బీరువాలు ఉన్నాయి. పని ప్రశాంతంగా జరుగుతుంది. పోయిన మాట ఎవరికీ గుర్తుండదు కాబట్టి ఇంతవరకు ఆ ఆఫీసుకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

తొమ్మిదేళ్ల కిందట 'అరుగు' రద్దయింది. ఆ సాయంత్రం వీధుల్లో అరుగుల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్న వాళ్లంతా ఉన్నట్టుండి నేలమీద ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, లేచి, బట్టలకు అంటిన దుమ్ము దులుపుకుని, ఎవరింట్లోకి వాళ్లు వెళ్లి తలుపులు వేసుకున్నారు. మళ్లీ బయటికి రాలేదు. మరుసటి ఏడు 'పెరడు' పోయింది. ఇళ్ల వెనక గోడలు జరిగివచ్చి ఒకదానికొకటి ఆనుకున్నాయి, జనం కరివేపాకు బజారులో కొనుక్కోవడం మొదలుపెట్టారు. మునిసిపాలిటీ వాళ్లు రికార్డుల్లో కొలతలు సరిచేసుకున్నారు. ఇవన్నీ రాస్తున్న నేను పక్క జిల్లావాణ్ణి. మా దగ్గర ఆ మాటలకు ఇంకా గడువుంది, అందుకే రాయగలుగుతున్నాను.

మాట బతికుందనడానికి సాక్ష్యం అచ్చు ఒక్కటే. నోటిమాట లెక్కలోకి రాదు. దానికి తేదీ ఉండదు, పేజీ నంబరు ఉండదు. ఊరంతా పొద్దస్తమానం పలికే మాటైనా సరే, కాగితం మీద పడకపోతే ఆఫీసు దృష్టిలో అది దగ్గుతో సమానం. జిల్లాలో అచ్చయ్యేది 'గుట్టవాణి' అనే దినపత్రిక ఒక్కటే. ఆ పత్రిక శీర్షికల పుణ్యమా అని 'కలకలం' అనే మాటకు ఇంకా నాలుగు వందల ఏళ్ల గడువుంది. 'షాక్' అనే మాటకు అంతకంటే ఎక్కువే ఉంది. ఎక్కువసార్లు అచ్చయిన మాట తాలూకు వస్తువు ఎక్కువగా ఉంటుందన్నది ఇంకో నియమం. అందుచేత ఆ జిల్లాలో ఈ రెండింటికీ ఎన్నడూ కొరత రాలేదు.

మిగతా మాటలకు దిక్కు ఆదివారం అనుబంధంలో వచ్చే గళ్ల నుడికట్టు. దాన్ని ఇరవై నాలుగేళ్లుగా కూర్చుతున్నవాడు పెన్నోబులేసు. అసలు ఉద్యోగం ప్రూఫ్ రీడరు. సోమవారం నుంచి శనివారం దాకా, పాఠకుడికి అర్థం కాదనిపించే మాటలన్నీ వార్తల్లో ఎర్రసిరాతో కొట్టేసి, వాటి బదులు అర్థమయ్యే మాటలు రాస్తాడు. ఆదివారం కోసం ఆ కొట్టేసిన వాటినే ఏరి గళ్లలో పెడతాడు. ఆరు రోజులు గొంతు పిసికి ఏడో రోజు నోట్లో నీళ్లు పోయడమన్నమాట. రెండు పనులూ అతను ఒకే శ్రద్ధతో చేసేవాడు.

గళ్లలో అచ్చయితేనే చాలదు, తర్వాత జవాబులు అచ్చయినా చాలదు. పాఠకుల్లో కనీసం ఒక్కరైనా గళ్లన్నీ తప్పు లేకుండా నింపి, కూపన్ కత్తిరించి కార్డుకు అంటించి పంపాలి. అలాంటి కార్డు ఒక్కటి వచ్చినా ఆ వారం మాటలన్నిటికీ ఇంకో ఏడేళ్లకు ముద్ర పడుతుంది. రాకపోతే దేనికీ పడదు. మూలల్లో రెండు గళ్లు మిగిలినప్పుడల్లా పెన్నోబులేసు 'కరి' వేసేవాడు. ఎక్కడైనా ఇమిడిపోతుంది, ఏనుగు అని అందరికీ తెలుసు. దాంతో చెట్టే కరువైన ఆ జిల్లాలో పదకొండు ఏనుగులు తేలాయి. కరవులో అధిక మాసంలాగా వాటి మేత రెవెన్యూ వాళ్ల మెడకు చుట్టుకుంది. మధ్యాహ్నం పూట అవి ఒకదాని తోక ఒకటి పట్టుకుని బస్టాండు ముందు నుంచి పోతుంటే, రిజర్వేషన్ కౌంటరు దగ్గర తోసుకుంటున్న జనం కూడా కాసేపు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఆ తర్వాత మళ్లీ తోసుకునేవాళ్లు.

మార్చి మొదటి వారంలో గువ్వలదొడ్డి నుంచి మారెక్క అనే ఆవిడ పత్రికాఫీసుకు వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో పసుపు కాగితం ఉంది. గడువు దాటబోతున్న ప్రతిదాని మీదా విభాగం వాళ్లు అలాంటి కాగితం అంటించి వెళతారు. మారెక్క తెచ్చిన కాగితం వాళ్ల ఏట్లో చెలమ పక్కన పుల్లకు గుచ్చి ఉండగా దొరికింది. నీళ్లు పారని ఏట్లో ఇసుకను చేత్తో తోడితే అడుగున ఊరే గుంట చెలమ. గువ్వలదొడ్డిలో నలభై ఇళ్లకు తాగడానికి ఉన్నది అదొక్కటే. ప్రభుత్వం మూడు బోర్లు వేయించింది. మూడింట్లోనూ దుమ్ము పడింది.

"సామీ, మా చెలమ సన్నబడతాండాది," అంది మారెక్క. "పోయిన నెల్లో తెల్లారేసరికి నాలుగు కడవలు ఊరేటివి. ఇప్పుడు పుడిసెడు నీళ్లకి గంటసేపు కూకోవాల."

"మీ ఊళ్లో ఆ మాట ఎవరూ అనరా?"

"అనకేం! తెల్లారి లేస్తే చెలమకాడికి పోతాం, చెలమకాడి నుంచి వస్తాం. మా నోట్లో ఇంగో మాట యాడుండాది? ఆపీసులో ఆయమ్మ అదంతా లెక్కకు రాదనె. గళ్లు గీసే సామి ఉండాడు, ఆయప్పనడుగు అనె."

పెన్నోబులేసు పసుపు కాగితం తీసుకుని చదివాడు. గువ్వలదొడ్డి వైపు విలేకరి ఈ ఏడేళ్లలో రెండుసార్లు 'చెలమ' అని రాసి పంపాడు. రెండుసార్లూ దాన్ని కొట్టేసి 'నీటి వనరు' అని దిద్దింది తనే. ఆ సంగతి ఆవిడకు చెప్పడానికి నోరు రాలేదు. అతన్ని ఇంకొకటి కూడా పట్టి కుదిపింది. నాలుగేళ్ల కిందట 'పుడిసెడు' అన్న మాటను గళ్లలో పెట్టి, 'ఒంటిచేతి గుంటలో పట్టేంత' అని అర్థమిస్తే, జిల్లా మొత్తం మీద ఒకే ఒక్కరు నింపారు. ఈవిడ దాన్ని మజ్జిగ తాగినంత సులువుగా అనేసింది.

ఆ ఆదివారం నుడికట్టులో 'చెలమ' వచ్చింది. 'ఏటి ఇసుకలో చేత్తో తోడితే ఊరేది' అని ఆధారం ఇచ్చాడు. రెండు వందల పద్నాలుగు కార్డులు వచ్చాయి. సగానికి సగం 'చెరువు' అన్నారు. కొందరు మూడు గళ్లలో నాలుగక్షరాలు కుక్కి 'బోరుబావి' అన్నారు. రిటైరయిన బ్యాంకు మేనేజరు చిదంబరయ్య ఆరు వందల పదకొండుసార్లు తప్పులేని కార్డు పంపిన మనిషి. ఆయన కూడా చెరువులోనే పడ్డాడు. పట్టణంలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. ఇసుకలో నీళ్లుంటాయని వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఒక్క కార్డూ నెగ్గలేదు, చెలమకు ముద్ర పడలేదు.

గడువులోగా ఇంకొక్క నుడికట్టుకే వీలుంది. పెన్నోబులేసు బస్సెక్కి గువ్వలదొడ్డి వెళ్లాడు.

మారెక్క ఏట్లో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేయి మోచేతి దాకా ఇసుకలో ఉంది. పైన తెల్లటి ఇసుక కాలిపోతోంది. ఆవిడ బయటికి తీసిన గుప్పెడు ఇసుక మాత్రం నల్లగా, చల్లగా ఉంది. అడుగున ఒక తడి చుక్క మెరిసింది, పక్కనే ఇంకోటి, రెండూ కలిశాయి. కిలోమీటర్ల పొడవున ఎండిపోయి పడున్న ఆ ఏట్లో, ఒక చేయి పట్టేంత చోట నీళ్లు వాటంతటవి పైకి రావడం చూసి పెన్నోబులేసుకు ఒళ్లు జలదరించింది. 'చెలమ: ఇసుకలో నీటి గుంట' అని నిఘంటువులో వందసార్లు చదివాడు. చదువుతున్నప్పుడు అతనికి ఎప్పుడూ దప్పిక కాలేదు.

ఆ రోజంతా అతను ఆవిడ వెనక తిరిగాడు. ఆవిడ దూడ మూతికి చిక్కం కట్టింది, మెడకున్న పలుపు విప్పింది, మడికీ మడికీ నడుమ గెనిమ మీద నడిచింది, కొడవలి అంచుకు వాదర తగ్గిందని తిట్టుకుంది, దుత్తలో పాలు పిండింది, గొర్రెల కాపరులు వేసుకున్న నెగడు ఆరిపోతే బూడిద తెచ్చి అంట్లు తోమింది, తలమీద చుట్టకుదురు పెట్టి కడవ ఎత్తింది. అతను ఇరవై నాలుగేళ్లుగా అట్టలు చిరిగిన పుస్తకాల్లో వెతికి వెతికి ఏరుకున్న మాటలన్నీ ఆ ఇంటి చుట్టూ పని చేసుకుంటూ కనిపించాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మా జిల్లాలో సామెత. మబ్బుగుట్టలో పెరడు లేదు కాబట్టి ఆ సామెతా లేదు; పెన్నోబులేసుకు ఆ ఆశ్చర్యం సామెత అడ్డం లేకుండా సూటిగా తగిలింది.

"ఇది గూడా రాసుకుంటావా సామీ?" అంది మారెక్క, అతను నోటుబుక్కులో గీకుతుంటే. "చేట, జల్లెడ, పొరక అన్నీ రాసుకో. మాపటికి నా సంసారం మొత్తం నీ పుస్తకంలో ఉంటాది, నేను బయట ఉంటా."

"మారెక్కా, నువ్వు ఎంతవరకు చదువుకున్నావు?"

"ఐదు."

"అయితే వచ్చే ఆదివారం పేపరు కొని గళ్లు నువ్వే నింపల్ల. జవాబులు నేను చెప్పకూడదు, రూలు ఒప్పుకోదు."

"నేనా? పట్నంలో పెద్ద సదువులోళ్లు నింపలేనిది నేనేం నింపుతాను?"

"వాళ్లకు గళ్లు తెలుసు, మాటలు తెలీవు. నీకు మాటలు తెలుసు."

ఆవిడ నవ్వి ఊరుకుంది. తర్వాత చెలమ వైపు చూసి నవ్వు ఆపేసింది. "సరే సామీ. ఇది పాయ అంటే నలభై ఇండ్లోళ్లూ ఊరు ఇడిసి పోవాల్సిందే," అంది.

ఆ వారం పెన్నోబులేసు కూర్చిన నుడికట్టులో మారెక్క ఇంటి మాటలు ఇరవై ఒకటి ఉన్నాయి, అన్నిటికీ గడువు ఆ ముప్పై ఒకటితోనే సరి. ఇరవై రెండో మాట మాత్రం తన కోసం పెట్టుకున్నాడు. అతని బల్ల పక్క కిటికీకి కూడా ఒక పసుపు కాగితం అంటించి ఉంది. గడువు దాటబోతున్న మాట: మునిమాపు. పొద్దు గూకాక, చీకటి చిక్కబడకముందు వచ్చే ఆ కాస్త వేళ.

పత్రికాఫీసులో దీపాలు ఏడింటికి గానీ వేయరు. మునిమాపు వేళ అరగంటసేపు ప్రూఫుల మీద అక్షరాలు కంటికి ఆనవు. రోజు మొత్తంలో పెన్నోబులేసు ఏ మాటనూ కొట్టేయలేని సమయం అదొక్కటే. పెన్ను మూత పెట్టి, కిటికీలోంచి ఆకాశం బూడిదరంగులోకి దిగడం చూస్తూ కూర్చునేవాడు. అతనికి అది ప్రాణం. దాన్ని గళ్లలో పెట్టి ఏడేళ్లయిందని కాగితం అంటించేదాకా అతనికే తట్టలేదు. రోజూ వచ్చేదాన్ని ఎవరు నమోదు చేస్తారు? ఇప్పుడది పలచబడి ఆరు నిమిషాలకు వచ్చింది.

అయితే తొందరలో ఒక పొరపాటు జరిగింది. గళ్లు కూర్చేవాడు మొదట నేర్చుకునే పాఠం, ఏ మాటా ఒంటరిగా ఉండకూడదని. అడ్డంగా పోయే మాటలు నిలువు మాటల్ని కోస్తూ పోవాలి, అప్పుడే ఒక గడికి ఒకే అక్షరం సరిపోతుంది. ఇరవై ఒక్క మాటల్నీ ఇమిడ్చేసరికి కుడివైపు కింది మూలలో నాలుగు గళ్లు మిగిలాయి, వాటి చుట్టూ అన్నీ నల్లగళ్లే. ఆ నాలుగింట్లో 'మునిమాపు' నిలువుగా నిలబెట్టాడు. దాన్ని ఏ మాటా తాకడం లేదు. ఇరవై నాలుగేళ్ల పనివాడు చేయాల్సిన తప్పు కాదు. పదిహేడు నిలువుకు అతనిచ్చిన ఆధారం: 'పొద్దు గూకితే వస్తుంది, వచ్చిందనుకునేలోపే పోతుంది.'

ఆదివారం నుడికట్టు వచ్చింది, సోమవారం పట్టణం భగ్గుమంది. చిదంబరయ్య ఫోన్ చేశాడు. "ఏమయ్యా, ఇవి తెలుగు మాటలేనా? నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చుంటే ఏడు వచ్చినాయి. గెనిమ అంటే ఏమి? మనుషులు వాడే మాటలు పెట్టు నాయనా!" శుక్రవారం దాకా వచ్చిన కార్డులు తొంభై. అన్నీ సగం ఖాళీ.

శనివారం ఆఖరి టపాలో మారెక్క కార్డు వచ్చింది. పేపరు గువ్వలదొడ్డికి రాదు. ఆవిడ ఎనిమిది కిలోమీటర్లు నడిచి రోడ్డు మీది టీ అంగడిలో కొనుక్కుంది. కూపన్ అన్నం మెతుకులతో అంటించి ఉంది. అక్షరాలు పెద్దవిగా, ఒక్కొక్కటీ గడి గోడలకు ఆనుకుని ఉన్నాయి. పెన్నోబులేసు జవాబుల కాగితం పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటకు టిక్కు పెడుతూ పోయాడు. చిక్కం, పలుపు, గెనిమ, వాదర, నెగడు, దుత్త, చెలమ. ఒక్క తప్పు లేదు. ఆఖరికి పదిహేడు నిలువు దగ్గరికి వచ్చాడు.

అక్కడ 'పైరగాలి' అని ఉంది.

పెన్నోబులేసు ఆధారాన్ని మళ్లీ చదువుకున్నాడు. పొద్దు గూకితే చేల మీద నుంచి పైరగాలి వస్తుంది. వచ్చిందనుకునేలోపే పోతుంది. నాలుగక్షరాలు. కోసే మాట లేదు కాబట్టి ఏ అక్షరమూ అడ్డు చెప్పడం లేదు. ఆవిడ రాసింది ఎంత వెతికినా తప్పు కాదు. అసలు ఆ ఆధారానికి తన మాట కంటే ఆవిడ మాటే బాగా అతికిందని కూడా అతనికి అనిపించింది, అది ఒప్పుకోవడానికి కష్టమైంది. అతని ముందు బల్లమీద ఎర్రసిరా పెన్ను ఉంది. పక్కన ఎవరూ లేరు. నాలుగక్షరాలు మార్చేయడం అతనికి రోజూ చేసే పనే. కానీ తపాలా ముద్ర పడ్డ కార్డు దిద్దితే చెల్లదని వెనకవైపే అచ్చేసి ఉంది.

ముప్పై ఒకటో తేదీ సోమవారం మధ్యాహ్నం మూడింటికి అతను కార్డు పట్టుకుని పదాల ఉనికి విభాగానికి వెళ్లాడు. అధికారి పేరు సువర్చల. ఆవిడ కార్డునూ జవాబుల కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది.

"రెండూ సరైనవే మేడం. రెండింటికీ ముద్ర వేయండి," అన్నాడు పెన్నోబులేసు.

"గడికి ఒక అక్షరమే నమోదవుతుందండీ. మీ జవాబు నిలబెడితే ఈ కార్డు తప్పు అవుతుంది. వేరే కార్డు లేదు కాబట్టి ఇరవై రెండు మాటలూ ఐదింటికి పోతాయి, మీదీ పోతుంది. మీరు సవరణ మీద సంతకం పెడితే కార్డు చెల్లుతుంది. పైరగాలితో కలిపి ఇరవై రెండూ ఉంటాయి. మునిమాపు ఒక్కటీ పోతుంది."

"ఒక వారం గడువు పెంచలేరా?"

"గడువు పెంపు 'షాక్' లాంటి వాటికే ఉందండీ, వాటికి అవసరం లేదు."

"సంధ్య అనే మాట ఉంది కదా మేడం? అదీ ఆ వేళే కదా?"

సువర్చల ఒక బీరువా తెరిచి రిజిస్టరు తీసి చూసింది. "ఉంది. ఆడపిల్లల పేర్ల కింద నమోదై ఉంది, ఒక టైలరింగ్ షాపు కింద ఉంది. వేళ కింద లేదు."

పెన్నోబులేసు తల వంచుకున్నాడు. ఇరవై నాలుగేళ్లలో అతను తన జవాబు తప్పని ఎన్నడూ సవరణ వేయలేదు. కానీ అతన్ని పీడిస్తున్నది అది కాదు. ఒకపక్క నలభై ఇళ్ల గొంతులున్నాయి. ఇంకోపక్క ఎవరూ అడగని, ఎవరూ తాగని, ఎవరి కడవలోకీ ఎక్కని కాస్త బూడిదరంగు వెలుతురు. ఏది పెద్దదో పసిపిల్లకైనా తెలుస్తుంది. తెలిసినా అతనికి ఏడుపొచ్చింది.

"పోయాక నాకు గుర్తుంటుందా?" అన్నాడు.

"ఉండదండీ. అందుకే బాధ కూడా ఉండదు," అంది సువర్చల. ఆవిడ స్వరంలో నిజమైన దయ ఉంది. "ముందు చాలామంది అడిగారు. తర్వాత ఎవరూ మళ్లీ రాలేదు."

అతను సంతకం పెట్టాడు.

గుమస్తా రబ్బరు ముద్ర తెచ్చాడు. నియమం ప్రకారం మాటను పైకి చదివి, ముద్ర వేసి, పక్క మాటకు పోవాలి. "గెనిమ" అని చదివి వేశాడు. కిటికీలోంచి కనిపించే చేలల్లో చెరిగిపోయి ఒకటైపోయిన మడుల మధ్య గట్లు ఒక్కొక్కటీ లేచి గీతలు గీసినట్టు నిలబడ్డాయి. "నెగడు" అన్నాడు. పట్టపగలే దూరంగా గుట్ట వారన మూడు చోట్ల పొగ లేచింది. "చెలమ" అన్నప్పుడు కనిపించేది ఏమీ లేదు. కాసేపటికి పెన్నోబులేసు ఫోన్ మోగింది. అవతల మారెక్క అరుస్తోంది, మాట సరిగ్గా వినపడడం లేదు, వెనక ఆడవాళ్ల కేకలు, కడవలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. "పొంగతాండాయి సామీ! మోకాలి దాకా వచ్చినాయి! నీళ్లు సామీ, నీళ్లు!"

"పైరగాలి" అని గుమస్తా ఆఖరి ముద్ర వేశాడు. మార్చి నెల ఎండలో, నాలుగున్నరకు, మూసిన కిటికీ తలుపులు వాటంతటవి తెరుచుకున్నాయి. గది నిండా పచ్చి పైరు వాసన వచ్చింది. నలభై రెండు బీరువాల మీద పేరుకున్న కాగితాలు అంచులు ఎత్తాయి. సువర్చల చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది, ఇద్దరు గుమస్తాలూ మొహాలు పైకెత్తి కళ్లు మూసుకున్నారు. పెన్నోబులేసు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఇంత పెద్ద సంగతి నాలుగు గళ్లలో ఎలా పట్టిందో అతనికి అంతుపట్టలేదు. వచ్చిందని అనుకునేలోపే అది పోయింది.

ఐదింటికి గోడగడియారం కొట్టింది. సువర్చల రిజిస్టరులో ఒక గీత గీసి, ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి, "ఇంకేమైనా పని ఉందా అండీ?" అని అడిగింది. లేదని చెప్పి పెన్నోబులేసు లేచాడు. చెంపలు తడిగా ఉంటే ఉక్కపోత అనుకుని తుడుచుకున్నాడు.

తర్వాతి ఆదివారం జవాబులు అచ్చయ్యాయి, కింద 'అన్నీ సరిగా నింపినవారు: మారెక్క, గువ్వలదొడ్డి' అని వచ్చింది. ప్రూఫు చూస్తూ పెన్నోబులేసు తన నోటుబుక్కులోని చిత్తుప్రతి తీశాడు. పదిహేడు నిలువులో నాలుగు గళ్లూ ఖాళీగా ఉన్నాయి. ఆ మూలకు తనకు ఏ మాటా తట్టలేదని, ఆధారం మాత్రం రాసి వదిలేశానని, మారెక్క తనంతట తను నింపి తన పరువు కాపాడిందని అతనికి అర్థమైంది. మనసులోనే ఆవిడకు దండం పెట్టుకున్నాడు. ఆఫీసులో ఈ మధ్య ఒక మార్పు కూడా జరిగింది. పొద్దు గూకగానే కటిక చీకటి అవుతోంది కాబట్టి దీపాలు ఆరున్నరకే వేస్తున్నారు. దానివల్ల రోజుకు అరగంట పని ఎక్కువ జరుగుతోంది. ఆ అరగంటలో పెన్నోబులేసు ఇంకో ఇరవై, ముప్పై మాటలు కొట్టేయగలుగుతున్నాడు. మేనేజరు మెచ్చుకున్నాడు.

ఏప్రిల్‌లో ఒకరోజు అతను గువ్వలదొడ్డి వెళ్లాడు. చెలమ నిండుగా ఉంది. అడుగున ఇసుక రేణువులు నీళ్లలో చిన్నగా గంతులేస్తున్నాయి. మారెక్క చెంబుతో ముంచి ఇచ్చింది, అతను నిలబడే మొత్తం తాగేశాడు. పళ్లు జివ్వుమన్నాయి. ఊరివాళ్లు కొందరు వచ్చి అతన్ని చూసి పోయారు. ఎవరూ ఊరు విడిచి పోలేదు. పొద్దు గుట్ట మీదికి దిగింది, ఇసుక ఇంకా భగభగలాడుతూనే ఉంది. పొద్దు అంచు కనుమరుగైంది. ఆ మరుక్షణం, కప్పు మూసినట్టు, ఏరూ గుట్టా మనుషులూ అన్నీ నల్లగా అయిపోయాయి. చెంబు ఎక్కడ పెట్టాడో పెన్నోబులేసు చేత్తో తడుముకున్నాడు. చీకట్లో మారెక్క గొంతు వినపడింది.

"సామీ, నువ్వు సదువుకున్నోడివి, నిన్నొకటి అడగాల. పొద్దు గూకేదానికీ చీకటయ్యేదానికీ నడుమ ఏమీ ఉండదా? ముందు నుంచీ ఇట్లేనా?"

పెన్నోబులేసు ఆలోచించాడు. తెలిసిన మాటలన్నీ మనసులో ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"ముందు నుంచీ ఇంతే మారెక్కా," అన్నాడు. "నడుమ ఏముంటాది?"

"అంతేలే, నాకే ఏందో అట్ల అనిపిస్తాది," అంది మారెక్క. కడవ ఎత్తుకుని ముందు నడిచింది. ఆవిడ అడుగుల చప్పుడు పట్టుకుని అతను వెనక నడిచాడు.